వర్చువల్ సర్వరు వారికి ఖాళీ చేసి వెళ్లినవాడి లేఖ

మహారాజశ్రీ వర్చువల్ సర్వరు వారి సన్నిధికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఒకే పెద్ద కంప్యూటరును సాఫ్ట్‌వేరుతో పలు వాటాలుగా చీల్చి అద్దెకిచ్చే మీ పంచన నాలుగేళ్లుగా తలదాచుకున్న మా పంచాంగం వెబ్‌సైటు మొన్న రాత్రితో సొంత యంత్రంలోకి మారిపోయిన సంగతి, నా అద్దె ఆగిన తరువాతనైనా మీ దృష్టికి వచ్చే ఉంటుంది.

మీరు నాకు నాలుగు కోర్లు, అంటే ప్రాసెసరులో లెక్కలు చేసే భాగాలు, ఇచ్చామన్నారు. అవి అసలు కోర్లు కావనీ, ఒక్కొక్క కోరును హైపర్‌థ్రెడింగు రెండుగా చూపిస్తే వచ్చిన పోగుల్లో నాలుగనీ, ఆ నాలుగింటిని సైతం మీ వాటాలు పంచే హైపర్‌వైజరు నాతోపాటు ఇంకెందరికో వంతులవారీగా పంచిపెడుతుందనీ తెలుసుకోవడానికి నాకొక ఉగాది పట్టింది. తెల్లవారకముందే రాశిఫలాల కోసం జనం విరుచుకుపడే ఆ ఒక్క పూటే పక్కవాటాలోని మహానుభావుడెవరో ఏదో భారీ కార్యం తలపెట్టాడు. అతడెవరో నేను చూడలేను, మీరు చెప్పరు. యంత్రం ఎంత పనిలో ఉందో చూపే నా టాప్ కమాండు తెరమీద ఎస్‌టీ అనే గడి మాత్రం 38 దగ్గర నిలిచింది. ఆ రెండక్షరాలు స్టీల్, అంటే దొంగతనం, అనే మాటకు పొట్టిరూపమని తెలిసినప్పుడు నాకు కోపం రాలేదు, మీమీద గౌరవం కలిగింది. దోచిన సొత్తును, అంటే నా ప్రాసెసరు సమయాన్ని, శాతాల్లో లెక్కగట్టి, దొంగతనమనే పేరుతోనే, సొత్తుగలవాడి కళ్లముందు క్షణక్షణం ప్రదర్శించే నిజాయతీ ఇంకే దొంగకుంది?

మెమరీ విషయంలో మీరు మరింత సున్నితంగా వ్యవహరించారు. బెలూను డ్రైవరు పేరిట నా ఇంట్లోనే ఒక బుడగను ఊది, అది ఆక్రమించినంత మేర వెనక్కి తీసుకుని ఇతరులకిచ్చారు. లోపల ఊపిరాడక, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెలు బలికి వెదికి, అందరికన్నా బొద్దుగా కనిపించిన మైఎస్‌క్యూఎల్‌ను, అంటే సైటు సమాచారం దాచే డేటాబేసును, వధించింది.

మీ వంశం గొప్పదని నేనెరుగుదును. 1972లో ఐబీఎం వారి వీఎం/370 సాఫ్ట్‌వేరు వచ్చిన కాలంలో, పెద్ద సంస్థలు సైతం యంత్రం కొనాలంటే ఆలోచించేవి కనుక, ఒకదాన్నే పదిమందికి పదిగా చూపడం ధర్మమే. 2007లో అదే పని చేసే కేవీఎం లినక్స్ కెర్నెలులో చేరాక ఆ మయసభ నా వంటి బడుగువాడికీ అద్దెకు దొరికింది.

ఇక నా ప్రయాణం. ఒక రోజు ముందే డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను, అంటే సైటు చిరునామాను ఇతర కంప్యూటర్లు గుర్తుంచుకునే గడువును, 86400 సెకన్ల నుంచి 300కు దించి, ఫైళ్లు నకలు చేసే ఆర్‌సింక్‌తో సర్వస్వాన్నీ మోసుకెళ్లాను. మీ ఇంట్లో డిస్కు పేరు వీడీఏ. కొత్త యంత్రంలో ఎన్‌వీఎంఈ. డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో, యంత్రం మారినా మారని యూయూఐడీ అనే గుర్తుకు బదులు పాత పేరే ఉంచిన పాపానికి (ఇది పూర్తిగా నా పాపమే, మీకు అంటగట్టను) రాత్రి రెండు గంటలకు, యంత్రం మామూలుగా లేవలేనప్పుడు వచ్చే ఎమర్జెన్సీ మోడ్ నన్ను పలకరించింది. అది సర్దుకున్నాక నెట్‌వర్క్ లేవలేదు, ఎందుకంటే మీ ఇంట్లో ఉన్న ఈథ్0 అనే పేరుగల నెట్‌వర్క్ కార్డు అక్కడ లేనే లేదు.

ఇప్పుడు ఎస్‌టీ గడిలో 0.0 ఉంది. దోచుకునేవాడు లేడు, సైటు మందగిస్తే నిందించడానికీ ఎవరూ లేరు. మీ దగ్గర ఒక్క నొక్కుతో దొరికిన స్నాప్‌షాట్, అంటే డిస్కు ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు తీసిన నకలు, ఇక్కడ లేదు. జంటగా పెట్టిన రెండు డిస్కుల్లో ఒకదానిమీద డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదిక అప్పుడే పెదవి విరిచింది.

కావున, బ్యాకప్‌లు దాచుకోవడానికి మీ ఇంట ఒక చిన్న వాటాను నెలసరి అద్దెకు ఇప్పించవలసిందిగా ప్రార్థన. టాప్ కమాండు వాడనని హామీ ఇస్తున్నాను.

ఇట్లు,
మీ మాజీ, కాబోయే అద్దెదారు