పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరం, మరి మన తాబేలుకి?

అంటార్కిటికా, దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి క్రూయిజ్ మీద మీ వ్యాసం బాగుంది. కానీ ఫొటోలకిచ్చిన చోటులో సగమైనా అక్కడి నియమాలకు ఇవ్వాల్సింది. అంటార్కిటికాలో ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దిగకూడదు. 500 మందికి పైగా ప్రయాణికులున్న ఓడైతే అసలు ఎవర్నీ దించడానికి లేదు. పెంగ్విన్లకు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. బయటి విత్తనం అక్కడ మొలవకూడదని బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టి, జేబు మూలల్లో చిక్కుకున్న గడ్డి గింజలు కూడా తీయించి గానీ దిగనివ్వరు. సౌత్ జార్జియాలో ఓడల్లో వచ్చిపడ్డ ఎలుకలు పక్షి గుడ్లు, పిల్లల్ని తినేస్తుంటే, వాటిని పూర్తిగా వదిలించామని 2018లో ప్రకటించారు. అంత పట్టుదల!

మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడ రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో చూడాలి మనవాళ్ల తీరు. సెల్ లైటు దాని మొహం మీదే కొట్టి సెల్ఫీ! ఆ వెలుతురికి బెదిరితే తల్లి గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి తిరిగిపోతుంది. పిల్లలైతే వెలుగున్న వైపే సముద్రమనుకుని రోడ్డు మీదికి పాకుతాయి. పక్క ఊళ్ల జాలరి కుర్రాళ్లు కాపలా కాసినా, కారు వేసుకొచ్చిన పెద్దమనుషులు వాళ్ల మాట వింటారా?

క్రూయిజ్ టికెట్ ఎలాగూ మా తాహతుకు మించిందే. మీరే ఓ ఫిబ్రవరిలోనో మార్చిలోనో మా వైపు వచ్చి దీని గురించీ రాయండి సార్. టార్చి మాత్రం తేవద్దు.