నార్వేకీ క్యాథలిక్కులకీ సంబంధం లేదా?

డ్రాగన్ తలలున్న ఒక నల్లటి చెక్క చర్చి ఫొటో, దాని కింద మూడు ముక్కలు: వైకింగులు (పాతకాలపు నార్వే ప్రాంతపు సముద్ర యోధులు) నేరుగా లూథరన్లయ్యారు, అంటే క్యాథలిక్ చర్చిని కాదన్న మార్టిన్ లూథర్ బాట పట్టారు, ఈ చర్చిలు అసలు వైకింగుల గుళ్లు, నార్వేలో క్యాథలిక్ మతం ఈమధ్య పోలండ్ నుంచి పని కోసం వచ్చినవాళ్లు తెచ్చుకున్నది. ఇది తెగ షేర్ అవుతోంది. ఇందులో పూర్తిగా నిజమైంది ఫొటో ఒక్కటే.

మొదటిదానికి ఏళ్ల లెక్క చాలు. నార్వే రాజు ఓలావ్ హరాల్డ్‌సన్ స్టిక్లెస్టాడ్ యుద్ధంలో చనిపోయింది 1030లో, మరుసటి ఏడే ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. జర్మనీలో లూథర్ గొంతెత్తింది 1517లో. మధ్యలో దాదాపు ఐదు వందల ఏళ్లు ఆ దేశం ఏ మతంలో ఉందనుకోవాలి? 1150ల మొదట్లో పోప్ దూతగా వచ్చిన నికొలస్ బ్రేక్‌స్పియర్ నిడరోస్‌లో, అంటే ఇప్పటి ట్రాండ్‌హైమ్‌లో, ఆర్చిబిషప్ పీఠం పెట్టించాడు. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ కూడా దాని కిందికే వచ్చాయి. ఆ దూతే తర్వాత పోప్ నాలుగో ఏడ్రియన్. అంతదూరం ఎందుకు, నార్వే రాజచిహ్నంలో సింహం పట్టుకున్న గొడ్డలి చూడండి. అది సెయింట్ ఓలావ్ గొడ్డలి.

ఇక గుళ్ల సంగతి. ఫొటోలోలాంటి పాత చెక్క చర్చిలు నార్వేలో ఇప్పటికి మిగిలినవి 28. వాటిలో బాగా పేరున్న బోర్గుండ్ చర్చి 12వ శతాబ్దం చివర్లో కట్టింది, అప్పటికి వైకింగుల కాలం పోయి వందేళ్లు దాటింది. దాని గోడ మీద రూనిక్ అనే పాతకాలపు అక్షరాల్లో చెక్కి ఉన్నది వైకింగుల దేవుడు ఓడిన్ పేరు కాదు, మరియమ్మకి వందనం చెప్పే ‘ఆవె మరియా’. డ్రాగన్లు, పెనవేసుకున్న పాములు పాత శిల్పశైలివే, కాదనను. చెక్కే చేతులు అవే, కొలిచే దేవుడు మారాడు.

ఇదే వాదానికి కాస్త మర్యాదైన రూపం కూడా ఉంది: క్యాథలిక్ కాలం ఉంటే ఉండొచ్చు, 1537లో జనమే దాన్ని వదిలేసుకున్నారని. జనాన్ని అడిగిందెవరు? దేశాన్ని లూథరన్ మతంలోకి మార్చింది అప్పట్లో నార్వేనీ ఏలుతున్న డెన్మార్క్ రాజు మూడో క్రిస్టియన్. ఆర్చిబిషప్ ఓలావ్ ఎంగెల్‌బ్రెక్ట్‌సన్ ఓడెక్కి పారిపోయి మరుసటి ఏడు పరాయి దేశంలో చనిపోయాడు. పునీతుడైన ఓలావ్ రాజు వెండి మందసాన్ని కోపెన్‌హాగెన్ తీసుకెళ్లి కరిగించారు. రైతుల ఇళ్లలో మాత్రం ‘ప్రిమ్‌స్టావ్’ అనే కర్ర ఉండిపోయింది. మన పంచాంగంలాంటిదే. ఒక వైపు వేసవి, ఇంకో వైపు చలికాలం, రోజుకో గాటు, పునీతుల పండుగలకి ఒక్కో బొమ్మ. జులై 29 దగ్గర, అంటే సెయింట్ ఓలావ్ పండుగ దగ్గర, గొడ్డలి. మతం మారిన తర్వాత కూడా చాలాకాలం పల్లెల్లో రోజులు లెక్కపెట్టింది ఈ కర్రలతోనే.

పోలండ్ మాటలో సగం నిజం ఉంది. ఇవాళ నార్వే క్యాథలిక్కుల్లో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లే. కానీ 1537 నాటి ఆ మత సంస్కరణ తర్వాత మొదటి క్యాథలిక్ పారిష్ (ఒక ఊరి చర్చి సమాజం) ఇప్పటి ఓస్లోలో 1843లోనే మొదలైంది. నోబెల్ అందుకున్న నార్వే రచయిత్రి సిగ్రిడ్ ఉండ్సెట్ 1924లో క్యాథలిక్ అయింది. ఆవిడకి పోలండ్‌తో పనేముంది? స్థానికులు తక్కువెందుకంటే, 1814 రాజ్యాంగమే మఠ సంఘాల్నీ, జెస్యూట్లనే క్యాథలిక్ గురువుల సంఘాన్నీ దేశంలోకి రానివ్వలేదు. మఠాల మీద నిషేధం 1897లో పోయింది, జెస్యూట్ల మీద 1956 దాకా ఉంది.