తాళం వేస్తే బాధ్యత తీరిపోదు

మూతపడ్డ ఆసుపత్రి వరండా. ఏ నెల దగ్గరో ఆగిపోయిన గోడ క్యాలెండరు, కిటికీలోంచి లోపలికి పాకిన తీగ, ఒక మూల చక్రం ఊడిన స్ట్రెచర్. ఇలాంటి ఫొటో ఫోన్‌లో కనిపిస్తే పైకి జరిపే వేలు ఒక్క క్షణం ఆగిపోతుంది. ఎవరు తీశారు, లోపలికి ఎలా వెళ్లారు, అసలు వెళ్లొచ్చా అనే ప్రశ్నలన్నీ తర్వాత వస్తాయి, ముందు మాత్రం చూడాలనే అనిపిస్తుంది. చిన్నప్పుడు తాళం పడ్డ ఇంటి తలుపు సందులోంచి తొంగి చూడనివాళ్లు ఎంతమంది ఉంటారు?

అలా తొంగి చూడటాన్నే హాబీగా పెట్టుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. దీన్ని అర్బన్ ఎక్స్‌ప్లోరేషన్ అంటారు, పొట్టిగా అర్బెక్స్. పాడుబడ్డ ఫ్యాక్టరీలు, మూసేసిన రైల్వే స్టేషన్లు, నగరం కింది సొరంగాలు, వాననీటి కాలువలు, సగంలో ఆగిపోయిన టవర్లు, ఇలా "ప్రవేశం లేదు" అని బోర్డు ఉన్న చోటల్లా తిరుగుతారు.

మా మాట ముందే చెప్పేస్తాం. అనుమతి లేని చోటికి గోడ దూకి వెళ్లమని ఈ పత్రిక ఎవరికీ చెప్పదు. కానీ ఏదైనా ప్రమాదం జరిగినప్పుడల్లా తప్పంతా ఆ దూకిన కుర్రాడి మీదకే పోతుంది, ఆ భవనాన్ని అలా వదిలేసి తమ దారిన తాము వెళ్లిపోయినవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఇది మాకు అన్యాయంగా కనిపిస్తోంది, అందుకే ఇది రాస్తున్నాం.

ఈ సరదా కెమెరా ఫోన్లతో పుట్టింది కాదు. ప్యారిస్ నగరం కింద పాత రాతి గనుల సొరంగాలు దాదాపు 300 కిలోమీటర్లు ఉన్నాయి. 1793లో ఫిలిబెర్ అస్పేర్ అనే ఆసుపత్రి ద్వారపాలకుడు ఒంటరిగా వాటిలోకి దిగి మళ్లీ పైకి రాలేదు. 1804లో, అంటే 11 ఏళ్ల తర్వాత శవం దొరికింది, నడుముకు వేలాడుతున్న తాళంచెవుల గుత్తిని బట్టి గుర్తుపట్టారని చెబుతారు. బయటికి వెళ్లే మెట్లు అక్కడికి దగ్గర్లోనే ఉన్నాయట. 1955 నుంచి ఆ సొరంగాల్లోకి అనుమతి లేకుండా దిగడం నేరం, అయినా దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు, వాళ్లను పట్టుకోవడానికి ప్రత్యేకంగా పోలీసు దళమే ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1986లో కేవ్ క్లాన్ అనే బృందం మొదలైంది. వాన పడితే కాలువలోకి దిగొద్దు అన్నది వాళ్లు మొదట నేర్పే పాఠం. 1996లో కెనడాలోని టొరంటోలో జెఫ్ చాప్‌మన్ అనే యువకుడు నింజాలీషస్ అనే మారుపేరుతో ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు, అర్బన్ ఎక్స్‌ప్లోరేషన్ అన్న పేరు జనంలోకి వెళ్లింది ఎక్కువగా అతని వల్లే. ఏదీ పగలగొట్టొద్దు, ఏదీ ఎత్తుకెళ్లొద్దు, గోడల మీద రాతలు రాయొద్దు అని పదేపదే రాసేవాడు. 2005లో చిన్న వయసులోనే క్యాన్సర్‌తో చనిపోయాడు.

ఆ నియమాల్లో పెద్దరికం ఉంది, కాదనం. ఫొటో తప్ప ఏమీ తీసుకోకు, అడుగుజాడ తప్ప ఏమీ వదలకు అన్న మాట గుహల్లో తిరిగేవాళ్ల దగ్గర్నుంచి వీళ్లకు వచ్చింది. నిజంగా పాటించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎన్నో భవనాలకు కూల్చివేత ముందు మిగిలిన చివరి ఫొటోలు వీళ్లు తీసినవే. కానీ నియమం పాటించినంత మాత్రాన కాలి కింద నేల గట్టిపడదు.

ఆ నేల గురించే కాస్త చెప్పాలి. పాత భవనంలో పైకప్పు కారడం మొదలైతే నీళ్లు ముందు చేరేది చెక్క దూలాల్లోకి. దూలం లోలోపల పుచ్చిపోతుంది, పైన పరిచిన చెక్కలూ వాటి మీది కార్పెట్టూ మాత్రం చూడటానికి బాగానే ఉంటాయి. కార్పెట్ ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే కింద నేల ఉందో లేదో అది కనపడనివ్వదు. మొదటి నాలుగు అడుగులకు నేల నిలుస్తుంది, ఐదో అడుగుకి కూలిపోతుంది. పడ్డవాడికి ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎక్కడికి వెళ్తున్నాడో ఇంట్లో చెప్పి ఉండడు, ఎందుకంటే వెళ్లేది వెళ్లకూడని చోటికి. మాకు ఎక్కువ భయం కలిగించేది ఈ చివరి విషయమే. పడటం కన్నా, పడ్డాడని ఎవరికీ తెలియకపోవడం.

నేల తర్వాత గాలి. మ్యాన్‌హోళ్లలో, మురుగు సొరంగాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్ల దాకా చేరేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయింది కదా ఫర్వాలేదు అనుకుని మనిషి ఇంకా లోపలికి నడుస్తాడు. మూసి ఉన్న ఇనుప ట్యాంకు అయితే ఏ విషవాయువూ అక్కర్లేదు, తుప్పు పట్టే క్రమంలో ఇనుమే లోపలి ఆక్సిజన్‌ని తినేస్తుంది. ఇక పాత పైకప్పు రేకుల్లో వాడిన ఆస్బెస్టాస్ అనే నార ఖనిజం ధూళి ఆ రోజు దగ్గు కూడా తెప్పించదు, జబ్బు 20, 30 ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఇవన్నీ వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులే. అయితే ఆ భవనం యజమానికి ఇవి ముందే తెలుసు, లేదా తెలిసి ఉండాలి. అక్కడే మా అసలు పేచీ.

బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో జరిగింది ఒకసారి గుర్తుచేసుకోవాలి. అక్కడ క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స చేసే ఒక రేడియోథెరపీ క్లినిక్ 1985లో వేరే చోటికి మారిపోయింది, సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న యంత్రాన్ని పాత భవనంలోనే వదిలేసింది. తర్వాత ఆ భవనాన్ని కొంతవరకు కూల్చేశారు. 1987 సెప్టెంబరులో పాత సామాన్లు ఏరుకునే ఇద్దరు మనుషులు లోపలికి వెళ్లి, సీసం తొడుగు మంచి ధర పలుకుతుందని ఆ యంత్రం భాగాన్ని ఊడదీసి ఇంటికి తీసుకెళ్లారు. తర్వాత అది పాత ఇనుము కొనే వ్యాపారి చేతికి చేరింది. లోపలి గుళికలో ఉన్నది 93 గ్రాముల పొడి. రాత్రిపూట నీలంగా వెలుగుతుంటే అదేదో అపురూపమైన వస్తువు అనుకున్నాడు ఆ వ్యాపారి, చుట్టాలకు పక్కాలకు చూపించాడు, చిటికెడు చిటికెడు పంచిపెట్టాడు. ఆరేళ్ల పాప ఆ పొడితో ఆడుకుని, ఆ చేతుల్తోనే అన్నం తింది. ఇంట్లో ఒక్కొక్కరు జబ్బు పడుతుంటే ఆ వ్యాపారి భార్యకే అనుమానం వచ్చి, మిగిలిన ముక్కను సంచిలో వేయించి బస్సులో ఆరోగ్య శాఖ కార్యాలయానికి చేర్చింది. ఆమె ఆ పని చేసి ఉండకపోతే ఇంకెంతమంది పోయేవారో. ఆమె బతకలేదు, పాప బతకలేదు, మొత్తం నలుగురు చనిపోయారు. సుమారు 1,12,000 మందిని పరీక్షిస్తే 249 మందికి ఆ ధూళి అంటిందని తేలింది.

లోపలికి వెళ్లిన ఆ ఇద్దరూ సరదా కోసం తిరిగేవాళ్లు కాదు, పొట్టకూటి కోసం వెళ్లినవాళ్లు. ఎవరు వెళ్లినా, ఎందుకు వెళ్లినా, లోపల ఆ యంత్రం ఉండాల్సింది కాదు. చొరబడ్డారు కాబట్టి తప్పు వాళ్లదే అని ఆ పాపను కన్నవాళ్లకు ఏ ముఖం పెట్టుకుని చెబుతాం? పాత ఆసుపత్రుల్లో మందులు, రోగుల ఫైళ్లు, ఫ్యాక్టరీల్లో రసాయనాల పీపాలు, మూత లేని గోతులు, ఇలాంటివి వదిలేసి గేటుకు గొలుసు చుట్టి వెళ్లిపోవడాన్ని "మూసివేత" అనడానికి మేము ఒప్పుకోం. మూసేటప్పుడే లోపల ఏముందో జాబితా రాసి, ప్రమాదకరమైనది తీసేసి, ఏటా ఒకసారి తనిఖీ చేయించాలి. చేయని యజమానికి జరిమానా పడాలి. ఆ యజమాని ప్రభుత్వమే అయితే ఆ ఖర్చు బడ్జెట్‌లో కనపడాలి.

అలాగని వెళ్లేవాళ్ల వైపు అంతా బాగుందని మేము అనడం లేదు. ఫోన్లు వచ్చాక ఈ హాబీలోకి వేరే ఆకలి చేరింది. పొడవాటి టవర్ల అంచుకు వేలాడి వీడియోలు తీసేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. 2017 నవంబరులో చైనాలోని చాంగ్షాలో ఒక యువకుడు 62 అంతస్తుల భవనం మీది నుంచి అలాగే పడి చనిపోయాడు. అలాంటి వీడియోలు చూపించి లాభపడిన సంస్థకూ ఇందులో కొంత బాధ్యత ఉందని బీజింగ్‌లోని కోర్టు 2019లో తీర్పు చెప్పింది. మంచి తీర్పు. వీడియో కింద చప్పట్లు కొట్టే మనందరం కూడా దాని గురించి ఒకసారి ఆలోచించాలి.

ఇంకొకటి ఉంది, మాకు మనసు కష్టపెట్టేది. ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన మర్నాడు, 1986 ఏప్రిల్ 27న, దాని పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణం నుంచి దాదాపు 50 వేల మందిని బస్సుల్లో తరలించారు. మళ్లీ వస్తాం కదా అనుకుని వాళ్లు కట్టుబట్టలతో వెళ్లారు. ఇప్పుడు అక్కడి పిల్లల బడిలో ఇనుప మంచం మీద ఒక బొమ్మ, దాని ముఖానికి గ్యాస్ మాస్క్. ప్రపంచమంతా చూసిన ఫొటో. అలాంటి దృశ్యాలు చాలావరకు తర్వాత వచ్చినవాళ్లు ఫొటో కోసం పేర్చినవే. ఆ బొమ్మ ఒక పాపది. ఆమె ఇప్పుడు ఎక్కడో నడివయసులో ఉండి ఉంటుంది. శిథిలం చూడటానికి ఎంత అందంగా ఉన్నా అది ఎవరో ఒకరి ఇల్లు, ఎవరో ఒకరి ఉద్యోగం పోయిన చోటు. అక్కడి వస్తువును జరిపి, లేని కథ అల్లడం కూడా ఒక రకమైన దొంగతనమే అని మేము అనుకుంటాం. అలాగే చిరునామా బయటపెట్టడం. జాగ్రత్తగా తిరిగేవాళ్లు చోటు పేరు చెప్పరు, ఎందుకంటే పేరు బయటికి పొక్కితే వెనకాలే రాగి తీగలు లాగేవాళ్లు వస్తారు, ఆ తర్వాత నిప్పు పెట్టేవాళ్లు.

చట్టం కూడా వీళ్లలో తేడా చూడాలి. తాళం పగలగొట్టినవాణ్నీ, తెరిచి ఉన్న తలుపులోంచి వెళ్లి నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చినవాణ్నీ ఒకే గాటన కట్టకూడదు. ప్యారిస్‌లోని పాంథియన్ భవనంలో ఎన్నో ఏళ్లుగా ఆగిపోయిన 19వ శతాబ్దపు గడియారం ఒకటి ఉండేది. ఉంటర్‌గుంటర్ అనే రహస్య బృందం 2005లో లోపలికి చేరి, ఒక గడియారాల నిపుణుడితో కలిసి, ఏడాది పాటు ఎవరి కంటా పడకుండా దాన్ని బాగుచేసింది. అయిపోయాక వాళ్లే వెళ్లి అధికారులకు చెప్పారు. సంతోషించాల్సింది పోయి కేసు పెట్టారు. 2007లో కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. అంత కాలం ఆ గడియారాన్ని పట్టించుకోనివాళ్ల మీద మాత్రం ఏ కేసూ లేదు.

మేము అడిగేది ఒక్కటే, తలుపులు తెరవండి. అన్నీ కాదు, రోజూ కాదు. ఫ్రాన్స్ 1984లో చారిత్రక కట్టడాల తలుపులు తెరిచే రోజు మొదలుపెట్టింది, లండన్‌లో 1992 నుంచి ఓపెన్ హౌస్ నడుస్తోంది, మామూలు రోజుల్లో అడుగు పెట్టనివ్వని భవనాల ముందు జనం క్యూ కడతారు. జపాన్‌లోని హషిమా దీవిని చూడండి. 6 హెక్టార్ల బొగ్గు గని దీవి, 1959లో 5 వేల మందికి పైగా ఉండేవారు, 1974లో గని మూతపడగానే ఖాళీ అయిపోయింది. 2009 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు, కట్టిన దారి మీదే నడవాలి, కూలే భవనాల్లోకి వెళ్లకూడదు. న్యూయార్క్‌లో 1945లో మూసేసిన సిటీ హాల్ సబ్‌వే స్టేషన్‌ను రవాణా మ్యూజియం వాళ్లే దగ్గరుండి చూపిస్తారు. జర్మనీలోని బేలిట్స్ శానిటోరియంలో, అంటే పాత క్షయ ఆసుపత్రిలో, 2015లో శిథిలాల మీదుగా, చెట్ల కొమ్మల ఎత్తులో నడకదారి కట్టారు. హెల్మెట్ ఇచ్చి, గైడ్‌ను పెట్టి, టికెట్ కొట్టి చూపిస్తే గోడ దూకేవాళ్లు పూర్తిగా తగ్గిపోతారని మేము చెప్పం, దూకడంలోనే మజా ఉన్నవాళ్లు దూకుతారు. చూడాలనే ఒక్క కోరికతో దూకేవాళ్లకు మాత్రం ఇక ఆ అవసరం ఉండదు. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లనే గైడ్లుగా పెడితే ఇంకా మంచిది, ఏ యంత్రం దగ్గర ఎవరు నిలబడేవారో వాళ్లకు తెలిసినట్టు ఏ బోర్డుకీ తెలియదు.

అమెరికాలోని డెట్రాయిట్‌లో మిషిగన్ సెంట్రల్ అనే రైల్వే స్టేషన్ 1913లో మొదలై 1988లో మూతపడింది. 30 ఏళ్లు ఖాళీగా ఉంది. వచ్చినవాళ్లు ఫొటోలు తీశారు, వచ్చినవాళ్లు దొరికింది పట్టుకుపోయారు, తమ ఊరి పతనాన్ని ప్రపంచానికి బొమ్మల పుస్తకంలా చూపిస్తున్నారని అక్కడి జనం ఎంతో బాధపడ్డారు. 2018లో ఫోర్డ్ కంపెనీ దాన్ని కొని బాగుచేస్తామని ప్రకటించింది. కొద్ది రోజులకే అక్కడి మ్యూజియానికి పేరు చెప్పని మనిషి నుంచి ఫోన్ వచ్చింది. స్టేషన్ గడియారాన్ని 20 ఏళ్ల కిందట తీసుకెళ్లింది తానేనని, ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తానని చెప్పాడు. అతను చెప్పిన చోటికి వెళ్లి చూస్తే కాలిపోయిన ఒక భవనం గోడకు ఆనించి ఉంది, దెబ్బ తగలకుండా దుప్పట్లు చుట్టి.