సవరణ: ‘మొదటి ప్లాటినం భవనం’, ఒప్పంద పద్ధతి గురించి

హరిత భవన ప్రాజెక్టుల నిర్వహణపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో, హైదరాబాద్‌లోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను ప్రపంచంలోనే మొదటి లీడ్ ప్లాటినం (హరిత భవనాలకు ఇచ్చే అమెరికా రేటింగ్ ‘లీడ్’లో అత్యున్నత స్థాయి) భవనమని పేర్కొన్నాను. అది తప్పు. 2003లో ఆ గుర్తింపు పొందిన ఈ భవనం అమెరికా వెలుపల మొదటిది. అంతకుముందే మేరీలాండ్ రాష్ట్రం అనాపొలిస్‌లోని ఫిలిప్ మెరిల్ పర్యావరణ కేంద్రానికి ప్లాటినం దక్కింది. పరిశోధక విద్యార్థులు ఎవరైనా నా వాక్యాన్ని ఉటంకించి ఉంటే దయచేసి దిద్దుకోండి.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. డిజైన్, నిర్మాణం ఒకే సంస్థకు అప్పగిస్తే హరిత లక్ష్యాలు నెరవేరి తీరతాయని రాశాను. ఒప్పందం రకం ఒక్కటే ఆ హామీ ఇవ్వలేదు. కిటికీల దిశ, అద్దం రకం, గోడల ఉష్ణ నిరోధం తేలితేనే ఏసీ యంత్రాల సామర్థ్యం తేలుతుంది. ఈ నిర్ణయాలు జరిగే తొలి దశలోనే నిర్మాణదారు, విద్యుత్, ఏసీ ఇంజినీర్లు ఆర్కిటెక్టుతో కలిసి కూర్చోవాలి. పునాదులు పడ్డాక వచ్చిన మంచి సలహాకు ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. విడివిడి టెండర్లలోనూ వారిని సలహాదారులుగా ముందే పిలవవచ్చు. ఒకే సంస్థ చేతిలో ఉన్నా వారిని ఆలస్యంగా పిలిస్తే ప్రయోజనం జారిపోతుంది. ‘నెరవేరి తీరతాయి’ అన్నచోట ‘నెరవేరే అవకాశం పెరుగుతుంది’ అని మార్చాను.