డాక్టర్ చెప్పిన నడక నెలకే ఎందుకు ఆగుతుంది?

జనవరి మొదటి వారంలో హన్మకొండ భద్రకాళి చెరువు బండ్ మీదికి తెల్లవారుజామున వెళ్తే కొత్త బూట్లు, మఫ్లర్లు, చేతిలో ఫోన్లతో ఒకటే సందడి. చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోయే శివరాత్రి నాటికి ఆ కొత్త ముఖాల్లో సగం కనబడవు. నిజానికి నడవడానికి అప్పుడే కదా హాయి!

దీన్ని బద్ధకమని తీసిపారేస్తాం. నాకలా అనిపించదు. మా మేనమామకు షుగర్ అని తేలినప్పుడు ‘నడవకపోతే కాళ్లకే ముప్పు’ అని డాక్టర్ గట్టిగానే చెప్పారు. ఆ భయంతో మూడు వారాలు నడిచారు. ఆ తర్వాత రిపోర్టు కాస్త మంచిగొచ్చింది. భయం పోయింది, దాని వెంటే నడకా పోయింది.

నడిస్తే గుండెకు, షుగర్‌కు, బీపీకి మంచిదని తెలియనిదెవరికి? వారానికి 150 నిమిషాలు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు. అయినా 2022 లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం.

చిక్కు ముందు మనసుతోనే. లాభం ఎప్పుడో పదేళ్లకు, ఆయాసం మాత్రం ఇప్పుడే. పైగా మొదటి రోజే పదివేల అడుగులు వేయాలని పంతం. ఆ పదివేలు డాక్టర్లు తేల్చిన లెక్క కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టిన పేరు. రొప్పుతూ ఇంటికొస్తే మనసుకు గుర్తుండేది ఒళ్లు నొప్పులే. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగే వేగం చాలు. అలవాటు పడటానికీ టైం పడుతుంది. 2010లో లండన్ పరిశోధకులు చూస్తే సగటున 66 రోజులు పట్టింది, కొందరికి అంతకన్నా చాలా ఎక్కువే.

మా మామయ్య మళ్లీ నడుస్తున్నారు. షుగర్ కోసం కాదు, నలుగురు దోస్తుల కోసం. రెండు రోజులు కనబడకపోతే ‘ఏమాయెరా?’ అని ఫోన్ వస్తుంది.

బతుకమ్మ పండుగ మొదలయ్యే ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర చూడండి. చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ గంటల తరబడి తిరిగే ఆడవాళ్లలో ఎవరైనా అడుగులు లెక్కపెడతారా? పాటుంది, తోడుంది, మన బతుకమ్మే పెద్దగుండాలన్న పంతముంది. మనిషి తనకు నచ్చి, చేయగలనన్న నమ్మకంతో, నలుగురితో కలిసి చేసే పనే నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రం చెప్పేదీ ఇదే.

మరి పండుగ ముగిసే సద్దుల మర్నాడు వాళ్లెక్కడికి పోవాలి? జగిత్యాల, నిజామాబాద్ వైపు రోజంతా కూర్చుని బీడీలు చుట్టే ఆడమనిషికి తీరిక దొరికేది చీకటి పడ్డాకే. అప్పుడు గల్లీలో లైటుండదు, ఉన్నచోట కుక్కలు. ఆ 57 శాతాన్ని బద్ధకం ఖాతాలో ఎలా రాస్తాం? పార్కుల్లో తుప్పు పట్టే ఓపెన్ జిమ్ములకు పెట్టే డబ్బులో సగం చెరువు కట్టల మీద లైట్లకు, బెంచీలకు, ఆడవాళ్ల టాయిలెట్లకు పెట్టమని వార్డు మీటింగులో అడగాల్సింది మనమే.