కింద ఉన్న అంకె ముట్టుకోవద్దు

రసాయన సమీకరణాల మీద మీ వ్యాసం బాగుందండి. కానీ సమీకరణం తుల్యం చేయడాన్ని ‘అంకెలు సరిచేసి రెండు వైపులా సమానం చేయాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ అంకెలు? ఇక్కడ ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వైపు మన పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. మూలకం పక్కన కిందుండే పాదాంకం పదార్థమేమిటో చెబుతుంది, దాన్ని మార్చకూడదు. నీటిలో ఆక్సిజన్‌కు పాదాంకం 2 పెడితే అది హైడ్రోజన్ పెరాక్సైడ్! మార్చాల్సింది ఫార్ములా ముందుండే గుణకం.

మన దామన్‌జోడి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కర్మాగారాన్నే తీసుకోండి. అల్యూమినియం ముడి ఖనిజమైన బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించి, మడ్డి తీసేసి, చల్లార్చి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ను అవక్షేపంగా రాబడతారు. దాన్ని సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అల్యూమినా, నీటి ఆవిరి వస్తాయి.

ఈ చివరి చర్యను తుల్యం చేద్దాం: Al(OH)₃ → Al₂O₃ + H₂O. అల్యూమినాలో అల్యూమినియం 2, కాబట్టి హైడ్రాక్సైడ్ ముందు 2. అప్పుడు హైడ్రోజన్ 6, కనుక నీటి ముందు 3. ఆక్సిజన్ ఎడమన 6, కుడిన 3, 3 కలిపి 6. బ్రాకెట్ బయటి 3 లోపలున్న ఆక్సిజన్, హైడ్రోజన్ రెండింటికీ వర్తిస్తుంది. చాలామంది హైడ్రోజన్‌కే లెక్కేసి ఆక్సిజన్ కలవడం లేదంటారు.

ఇంకో మాట. గుణకాలు మోల్‌ల నిష్పత్తి, గ్రాములది కాదు. మోల్ అంటే డజను లాగా కణాలను లెక్కపెట్టే కొలమానం. 2 మోల్‌ల హైడ్రాక్సైడ్ 156 గ్రాములు. దాన్నుంచి అల్యూమినా 102, నీరు 54 గ్రాములు. మొత్తం మళ్లీ 156 రావాలి. రాకపోతే గుణకాల్లోనో, అణుభారాల్లోనో తప్పుంది, వెనక్కి వెళ్లి చూడాలి.