ఎంతమందిలో ఎంతమంది?

2021 మే నెలలో కృష్ణపట్నం దారిలో కిలోమీటర్ల కొద్దీ క్యూలు అందరం చూశాం. కోవిడ్‌కని ఆనందయ్య పంచిన నాటుమందు కోసం. ఆ మందు మీద పంచాయితీ మళ్లీ పెట్టను. అప్పుడు నన్ను తొలిచింది వేరే. ‘మా బావమరిదికి తగ్గింది సార్’ అన్నవాళ్లలో టీకొట్టు ఓనర్లే కాదు, ఎంబీబీఎస్ చదివినవాళ్లూ ఉన్నారు. సరే, ఎంతమంది వాడితే ఎంతమందికి తగ్గింది? వాడనివాళ్లలో ఎంతమందికి తగ్గింది? కోవిడ్ ఎక్కువ మందికి దానంతట అదే తగ్గేది. వెయ్యి మందికి మిరియాల చారు పోసినా తొమ్మిది వందల పైచిలుకు మంది లేచి కూర్చునేవాళ్లే. లేవనివాళ్లు వీడియోలు పెట్టరు కదా.

జనాన్ని ఏమీ అనను. ఈ లెక్క అడగడం రాని లోపం డాక్టర్లను తయారుచేసే దారిలో ఉంది. మన పిల్లాడు పదో తరగతిలో సగటు, మధ్యగతం, బాహుళకం మార్కుల కోసం చేస్తాడు. బైపీసీలో చేరగానే లెక్కల పుస్తకం అటకెక్కుతుంది. నీట్‌లో లెక్కలు లేవు. ఎంబీబీఎస్‌లో స్టాటిస్టిక్స్ కమ్యూనిటీ మెడిసిన్‌లో ఒక మూలన ఉంటుంది, అదీ పరీక్ష ముందు రాత్రి బట్టీ. ఆ పిల్లాడే పీజీకొచ్చి థీసిస్ రాయాలి.

మా అక్క కొడుకు సంక్రాంతికి వచ్చి లాప్‌టాప్‌లో తన థీసిస్ చూపించాడు. అరవై మంది పేషెంట్లు, రెండు మందులు, చివర బోల్డ్‌లో ‘పి విలువ 0.03’.

‘అంటే ఏంట్రా?’

‘సిగ్నిఫికెంట్ మామయ్యా.’

‘అంటే?’

‘మందు పనిచేసినట్టు. స్టాటిస్టిక్స్ ఆయన డబ్బులు తీసుకుని వేసిచ్చాడు.’

కాదు నాయనా. ఆ రెండు మందులకూ అసలు తేడాయే లేదనుకో. అప్పుడు కూడా కేవలం లక్కు కొద్దీ ఇంత తేడా, లేదా ఇంతకు మించి, కనిపించే అవకాశం వందలో మూడు. అంతవరకే. ఆ తేడా రోగికి పనికొచ్చేంత ఉందో లేదో అది చెప్పదు.

సాఫ్ట్‌వేర్ ఉందిగా, డాక్టరుకు చెయ్యి తిరిగితే చాలదా అంటారు. లెక్క కట్టడానికి మిషన్ చాలు. ఏది లెక్కపెట్టాలో మాత్రం డాక్టరే చెప్పాలి.

కనిగిరి వైపు చూడండి. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్యాసం వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పది ఊళ్లున్నాయనుకుందాం. తొమ్మిదింటి నీళ్లలో 0.5, పదో ఊళ్లో 6. సగటు 1.05. కాగితం మీద అంతా క్షేమం. పదో ఊళ్లో పిల్లల పళ్లు గారపట్టి, పెద్దల నడుములు వంగిపోయి ఉంటాయి. సగటు చూసి సంతకం పెట్టే ఆఫీసరుకు ఆ ఊరు కనపడదు.

నాకు ఇంకా మంట పుట్టించేది, ఈ లెక్క పై చదువుల విద్య అనుకోవడం. మందుల పరీక్షల్లో వాడే ఈ పద్ధతులు సగం పొలంలో పుట్టినవి. పి విలువ ఇంతకన్నా తగ్గితే ‘సిగ్నిఫికెంట్’ అనే 0.05 గీతను వాడుకలోకి తెచ్చిన రొనాల్డ్ ఫిషర్ ఇంగ్లండ్‌లో ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసినవాడు. మన పెన్నా కాలువల కింద రైతుకు ఫిషర్ పేరు తెలియదు. కొత్త వంగడం వస్తే మాత్రం ఒక మడిలోనే వేస్తాడు, పక్క మడిలో పాతదే ఉంచుతాడు. నీళ్లు ఒకటే, ఎరువు ఒకటే. ‘బాగా పండిందా?’ అని అడిగితే వెంటనే తలూపడు.

‘పక్క మడి ఎట్టుందో చూడకుండా ఎట్టా చెప్పేది?’